మాలూరుకు ఏ రంగు వేయాలి? కర్ణాటక 2023 ఫలితాల మ్యాప్ మీద ఒక కేస్ స్టడీ

2023 మే 13 సాయంత్రానికి కర్ణాటక అసెంబ్లీ ఎన్నికల ఫలితాల మ్యాప్ అన్ని తెరల మీదా దాదాపు ఒకేలా ఉంది. నీలం ఎక్కువ, కాషాయం తక్కువ, దక్షిణాన అక్కడక్కడా ఆకుపచ్చ. కాంగ్రెస్ 135, బీజేపీ 66, జేడీఎస్ 19, మిగతావాళ్ళు 4. అంకెల్లో తేడా లేదు, రంగుల్లోనూ లేదు. కానీ ఆ మ్యాప్‌లో కోలార్ జిల్లా మాలూరు దగ్గర ఒక్క నిమిషం ఆగితే మ్యాపులు గీసే మా పని ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది. అక్కడ కాంగ్రెస్ అభ్యర్థికి 50,955 ఓట్లు, బీజేపీ అభ్యర్థికి 50,707. మూడో స్థానంలో ఉన్న స్వతంత్ర అభ్యర్థికీ 49 వేలు దాటాయి. మెజారిటీ 248. పోలైన ఓట్లలో గెలిచినవారికి మూడో వంతు కూడా రాలేదు. మ్యాప్ మాత్రం మాలూరు మొత్తాన్నీ ముదురు నీలంతో నింపేసింది.

కనకపురకూ అదే నీలం. అక్కడ డి.కె. శివకుమార్ మెజారిటీ 1,22,392. రెండో స్థానంలో నిలిచిన అభ్యర్థికి డిపాజిట్ కూడా దక్కలేదు. ఈ రెండు చోట్లకూ ఒకే రంగు వేసిన మ్యాప్ ఎవరు గెలిచారో చెబుతుంది, ఎలా గెలిచారో చెప్పదు. రెండే పార్టీలున్న చోట ఆ లోటును ఎలాగో సర్దుకోవచ్చు. మూడు పెద్ద పార్టీలు, జిల్లాకో బలమైన స్వతంత్రుడు, తాలూకాకో పాత ఉద్యమం ఉన్న రాష్ట్రంలో సర్దుకోవడం కుదరదు.

బెంగళూరులో మా చిన్న బృందం చేసే పని ఇదే, లెక్కలను మ్యాపులుగా మార్చడం. ఫలితాలు వచ్చాక ఒక తెలుగు డిజిటల్ పత్రిక మమ్మల్ని సంప్రదించింది. మారతహళ్ళి, బీటీఎం, కేఆర్ పురం, వైట్‌ఫీల్డ్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళు, కోలార్, చిక్కబళ్ళాపుర, బళ్ళారి జిల్లాల్లో తరతరాలుగా ఉంటున్న తెలుగువాళ్ళు తమ ఊరి ఫలితాన్ని తెలుగులో, ఫోన్‌లో చూసుకునేలా ఒక మ్యాప్ కావాలన్నారు. పైకి చిన్న పనే. అందులోని నిర్ణయాల గురించే ఈ వ్యాసం.

ముందు ఓట్ల సంగతి. 2018లో కాంగ్రెస్‌కు 38.14 శాతం ఓట్లు వచ్చాయి, బీజేపీకి 36.35. తక్కువ ఓట్లు వచ్చిన బీజేపీకే ఎక్కువ సీట్లు: 104. 2023లో బీజేపీ ఓట్లు 36 శాతం దగ్గరే నిలిచాయి, సీట్లు 66కు పడిపోయాయి. కాంగ్రెస్ 42.88కి పెరిగింది, జేడీఎస్ 18.3 నుంచి 13.29కి తగ్గింది. గెలిచిన రంగు మాత్రమే వేసిన రెండు మ్యాపులను పక్కపక్కన పెడితే బీజేపీ కుప్పకూలినట్టు కనిపిస్తుంది. ఓట్ల పట్టిక చూస్తే బాగా తగ్గింది జేడీఎస్. ఇక్కడే చాలామంది ‘జేడీఎస్ ఓట్లు కాంగ్రెస్‌కు వెళ్ళాయి’ అని రాసేస్తారు. రాష్ట్ర సగటును బట్టి ఆ మాట అనకూడదు. బీజేపీ ఉత్తర కర్ణాటకలో పోగొట్టుకుని పాత మైసూరు ప్రాంతంలో కొంత కూడబెట్టుకుంది. రెండూ కలిస్తే సగటు కదల్లేదు. సగటు కదలనంత మాత్రాన ఓటరు కదలనట్టు కాదు. ఈ కదలిక జిల్లా జిల్లాకూ వేరుగా ఉంటుంది, దాన్ని చూపించడానికే మ్యాప్ కావాలి. లేకపోతే పట్టిక చాలు.

2013 ఫలితాలను కూడా వీటితో పోల్చి చూశాం. అప్పుడు కాంగ్రెస్ 122, బీజేపీ 40, జేడీఎస్ 40, యడియూరప్ప కట్టిన కేజేపీ 6, శ్రీరాములు కట్టిన బీఎస్సార్ కాంగ్రెస్ 4. ఒక ఎన్నికలో నిజంగా బరిలో ఉన్న పార్టీలు ఎన్నో లెక్కగట్టడానికి రాజనీతి శాస్త్రంలో లాక్సో, తాగెపెరా 1979లో ఇచ్చిన సూత్రం ఉంది. ప్రతి పార్టీ ఓట్ల వాటాను వర్గం చేసి, అన్నీ కూడి, ఆ మొత్తంతో ఒకటిని భాగించాలి. ఓట్ల శాతాలతో వేస్తే 2013లో నాలుగు దాటుతుంది, 2018లో మూడు పైచిలుకు, 2023లో మూడుకు దగ్గర. అయితే ఇది రాష్ట్రానికంతటికీ కలిపి వచ్చే అంకె. నియోజకవర్గం లోపలికి వెళ్తే ఉత్తర కర్ణాటకలో చాలా చోట్ల పోటీ రెండు పార్టీల మధ్యే, మండ్య, హాసన్ వైపు వేరే రెండు పార్టీల మధ్య. కోలార్, చిక్కబళ్ళాపుర వైపు వస్తే ఎవరు బరిలో ఉన్నారో ఊరిని బట్టి మారుతుంది.

సమాచారం సేకరించడం గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి పనుల్లో సగం శ్రమ అక్కడే. సరిహద్దుల ఫైళ్ళు డేటామీట్ వంటి స్వచ్ఛంద బృందాలు బహిరంగంగా పెట్టినవి దొరుకుతాయి. ఫలితాలు ఎన్నికల సంఘం దగ్గర ఉంటాయి. రెండింటినీ పేర్లతో కలపబోతే చిక్కు. ఒక ఫైల్‌లో గౌరీబిదనూర్, ఇంకోదానిలో గౌరిబిదనూరు. 2014 నవంబరులో బళ్ళారి, గుల్బర్గా, బెల్గాం వంటి పన్నెండు ఊళ్ళ ఇంగ్లిష్ స్పెల్లింగులు అధికారికంగా మారాయి. పాత ఫైళ్ళకు ఆ సంగతి తెలియదు. అందుకని పేర్లను పక్కన పెట్టి నియోజకవర్గం నంబరుతోనే కలిపాం. బాగేపల్లి 140, మాలూరు 149, జయనగర 173. మ్యాపులు తయారుచేసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్‌లో ఈ నంబరు నిలువు వరుస ఒక్కటి శుభ్రంగా ఉంటే చాలు, మిగతా పని గంటలో అయిపోతుంది. జాగ్రత్త పడాల్సింది ఒక్కచోట: ఈ నంబర్లు 2008 నియోజకవర్గాల పునర్విభజన నాటివి. ఆ సరిహద్దులతో మొదట ఎన్నికలకు వెళ్ళిన రాష్ట్రం కర్ణాటకే. 2004లోనూ 224 స్థానాలే ఉన్నాయి కదా అని ఆ ఫలితాలను ఇదే మ్యాప్ మీద వేస్తే అంతా తప్పే. పత్రికవాళ్ళు ఇరవై ఏళ్ళ పోలిక అడిగారు. మేం 2008 దగ్గరే ఆపాం.

తర్వాత వచ్చింది నేల సమస్య. బెంగళూరు అర్బన్ జిల్లా విస్తీర్ణం దాదాపు 2,200 చదరపు కిలోమీటర్లు, రాష్ట్రంలో నూటికి ఒక వంతు. అందులో 28 నియోజకవర్గాలున్నాయి, అంటే అసెంబ్లీలో ఎనిమిదో వంతు. మామూలు మ్యాప్‌లో ఫోన్ తెర మీద ఈ 28 స్థానాలూ బొటనవేలి కింద కనబడకుండా పోతాయి. మన పాఠకుల్లో ఎక్కువమంది ఉండేది అక్కడే. అదే తెర మీద పశ్చిమ కనుమల్లో శృంగేరి పెద్ద మచ్చలా కనిపిస్తుంది. శృంగేరిలో ఓటర్లు లక్షా డెబ్బై వేల లోపు, మెజారిటీ 201. బెంగళూరు సౌత్‌లో ఓటర్లు ఆరు లక్షలు దాటారు. అడవికి ఓటు లేదు, కానీ మామూలు మ్యాప్‌లో అడవికే ఎక్కువ రంగు దక్కుతుంది.

అందుకే ప్రతి నియోజకవర్గానికీ ఒకే కొలత ఉన్న షడ్భుజి ఇచ్చాం. జిల్లాలు పక్కపక్కనే ఉండేలా, బళ్ళారి పైన, మైసూరు కింద అనే అంచనా చెడకుండా సర్దాం. ఇందులో పోగొట్టుకున్నదీ ఉంది. బెంగళూరు ఉబ్బిపోయి తుమకూరు, రామనగర పక్కకు జరుగుతాయి, తన ఊరు ఎక్కడుందో మొదటి చూపులో దొరకదు. ఆ ఇబ్బందికి మందుగా తెలుగులో ఊరి పేరు టైప్ చేస్తే ఆ గడి వెలిగేలా పెట్టాం. గౌరీబిదనూరు, గౌరిబిదనూర్, గౌరిబిదనూరు, ఏది కొట్టినా ఒకే గడికి వెళ్తుంది.

ఇక అసలు ప్రశ్న, గడి లోపల ఏం వేయాలి? ఇక్కడ మా బృందంలో మూడు దారుల మీద చర్చ నడిచింది. మెజారిటీ ఎక్కువైతే ముదురు, తక్కువైతే లేత రంగు వేయడం ఒకటి. ఇది మాలూరును లేత నీలం చేస్తుంది, కానీ పోటీ ఎవరితోనో చెప్పదు. మూడు పార్టీల వాటాలను మూడు రంగులుగా కలిపేసి ఒక మిశ్రమ రంగు తీయడం రెండోది. గణితం అందంగా ఉంటుంది, ఫలితం బురద రంగు. చూపించిన వాళ్ళలో ఒక్కరు కూడా దాన్ని చదవలేకపోయారు. మూడోది గడిని అడ్డంగా పట్టీలుగా కోయడం, పైన గెలిచినవారు, కింద ఓడినవారు, వచ్చిన ఓట్లను బట్టి పట్టీ వెడల్పు. దీన్నే ఎంచుకున్నాం. కానీ ఎంతమందికి పట్టీ ఇవ్వాలి? ఒక్కో చోట పదిహేను మంది పోటీలో ఉంటారు.

ఐదు శాతం, పది శాతం, ఇరవై శాతం వంటి గీతలు అంకెల పనిలో మామూలే. వాటిలో ఏది పెట్టినా, అదే ఎందుకు అని పాఠకుడు అడిగితే మన దగ్గర జవాబుండదు. మన చట్టంలో జవాబు ముందే ఉంది. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటని అభ్యర్థికి డిపాజిట్ పోతుంది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం గీసిన గీత ఇది. ‘ఆయనకు డిపాజిట్ కూడా రాలేదట’ అనే మాట టీ కొట్టు దగ్గర ప్రతి ఎన్నికకూ వినబడుతుంది. అంటే ఈ గీత పాఠకుడి బుర్రలో ఇప్పటికే ఉంది, మనం కొత్తగా నేర్పక్కర్లేదు. డిపాజిట్ దక్కినవాళ్ళకు పట్టీ, దక్కనివాళ్ళకు లేదు. ఈ ఒక్క నియమంతో మ్యాప్ దానంతట అదే మాట్లాడటం మొదలుపెట్టింది. కనకపుర మొత్తం ఒకే రంగు. జయనగర సరిగ్గా రెండు సగాలు. మాలూరు దాదాపు సమానమైన మూడు పట్టీలు, అక్కడ నాలుగో స్థానంలో ఉన్న జేడీఎస్‌కు పట్టీ లేదు. ఎక్కడ ముఖాముఖి, ఎక్కడ ముక్కోణం, ఎక్కడ ఏకపక్షం అనేది ఏ వివరణా లేకుండా కంటికి తెలుస్తుంది.

జయనగర గురించి ఒక మాట. అక్కడ బీజేపీ అభ్యర్థి సి.కె. రామమూర్తికి 57,797, కాంగ్రెస్ అభ్యర్థి సౌమ్యారెడ్డికి 57,781. తేడా 16. మామూలు మ్యాప్‌లో ఇది నిండు కాషాయం. మా గడిలో రెండు పట్టీలు చూస్తే ఎవరు గెలిచారో కూడా తెలియదు. అందుకే గెలిచిన పట్టీ ఎప్పుడూ పైనే ఉండాలని, దాని చుట్టూ సన్నని నల్ల గీత ఉండాలని పెట్టాం. ఇలాంటి చోట్ల బూత్ వారీ లెక్క చూడాలనుకునేవాళ్ళకు ఫారం 20 అనే అధికారిక పట్టిక ఉంటుంది. అందులో బూత్‌ల మొత్తం వేసి, అభ్యర్థికి వచ్చిన మొత్తంతో సరిపోలేదని కంగారు పడే కుర్రాళ్ళను చాలామందిని చూశాను. పోస్టల్ బ్యాలెట్లు ఏ బూత్‌కూ చెందవు, చివర విడిగా ఒక వరుసలో ఉంటాయి. 16 ఓట్ల తేడా ఉన్న చోట ఆ ఒక్క వరుసను వదిలేస్తే గెలుపోటములే తారుమారు కావచ్చు.

ఇక బూడిద రంగు. ఎన్నికల మ్యాపుల్లో నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. పెద్ద పార్టీలకు రంగులిచ్చి మిగతా అందరినీ ఒకే బూడిద రంగులో పడేస్తారు. 2023లో ఆ బూడిద కింద నలుగురు విజేతలున్నారు, నలుగురిదీ వేర్వేరు కథ. మేలుకోటెలో గెలిచిన దర్శన్ పుట్టణ్ణయ్య సర్వోదయ కర్ణాటక పక్ష అభ్యర్థి, రైతు ఉద్యమ వారసుడు, అక్కడ కాంగ్రెస్ పోటీ పెట్టకుండా ఆయనను బలపరిచింది. గంగావతిలో గెలిచిన గాలి జనార్దనరెడ్డిది సొంత పార్టీ. హరపనహళ్ళిలో గెలిచిన లతా మల్లికార్జున్ కాంగ్రెస్ టికెట్ దక్కక స్వతంత్రంగా నిలబడ్డారు. గౌరీబిదనూరులో గెలిచిన పుట్టస్వామి గౌడ కూడా స్వతంత్రుడే. ఈ నలుగురినీ కలిపి ‘ఇతరులు 4’ అంటే అది ఎవరినీ గురించి చెప్పని అంకె.

విజేతల సంగతి సరే, ఓడినవాళ్ళ విషయంలో నష్టం ఇంకా పెద్దది. మొదటి నమూనాను తెలిసినవాళ్ళకు చూపిస్తున్నప్పుడు, బాగేపల్లి వైపు నుంచి వచ్చి మారతహళ్ళిలో మెస్ నడిపే ఒక పెద్దాయన ఫోన్ చేతిలోకి తీసుకుని 2018 గడిని చాలాసేపు చూశాడు. “ఏం నాయనా, అప్పుడు మా తావ ఎర్రజెండాకి రెండో నంబరు వచ్చిండ్లా? ఇందులో యాడుండాది?” అన్నాడు.

“ఈ బూడిద రంగుదే అన్నా.”

“ఇది ఎర్రజెండానా? ఎవరు చెప్పినా నమ్మను పో.”

ఆయన మాట అక్షరాలా నిజం. 2018లో బాగేపల్లిలో కాంగ్రెస్‌కు 65,710 ఓట్లు వస్తే సీపీఎంకు 51,697, జేడీఎస్‌కు 38 వేలు. మూడు పార్టీలకూ డిపాజిట్ దక్కింది. మన సినిమా నటుడు సాయికుమార్ అక్కడ బీజేపీ తరఫున నిలబడి డిపాజిట్ పోగొట్టుకున్నారు. ఐదేళ్ళు తిరిగేసరికి అదే బీజేపీ 62 వేల పైచిలుకు ఓట్లతో రెండో స్థానానికి వచ్చింది, సీపీఎం ఇరవై వేల లోపుకు పడి డిపాజిట్ పోగొట్టుకుంది. రెండుసార్లూ గెలిచింది కాంగ్రెసే. గెలిచిన రంగు మ్యాప్‌లో బాగేపల్లిలో ఏమీ జరగలేదు. పట్టీల మ్యాప్‌లో 2018 నుంచి 2023కు వేలు జరిపితే ఎరుపూ ఆకుపచ్చా మాయమై కాషాయం వస్తుంది. తెలుగు మాట్లాడే ఆ తాలూకాలో ఐదేళ్ళలో జరిగిన పెద్ద మార్పు అదే. ఏ పార్టీకైనా సరే, ఒక్క నియోజకవర్గంలో డిపాజిట్ దక్కినా దానికంటూ సొంత రంగు ఉండాలని ఆ రోజే తేల్చుకున్నాం. స్వతంత్రులకు మాత్రం చారలు వేశాం, ఇద్దరు స్వతంత్రులు ఒకే పార్టీ అనుకోకుండా ఉండటానికి.

రంగుల ఎంపిక ఇంకో తలనొప్పి, త్వరగా చెప్పేస్తాను. తెలుగు పాఠకుడికి పసుపు కనబడితే టీడీపీ, గులాబీ కనబడితే బీఆర్ఎస్. ఆ రెండింటినీ కర్ణాటకలో ఎవరికీ ఇవ్వలేదు. జేడీఎస్ ఆకుపచ్చ, బీజేపీ కాషాయం పక్కపక్కన పడితే ఎరుపు, ఆకుపచ్చల మధ్య తేడా గుర్తుపట్టలేని చూపు ఉన్నవాళ్ళకు రెండూ ఒకటే. అందుకని ఆకుపచ్చను బాగా ముదురు చేసి, కాషాయాన్ని లేతగా ఉంచాం. నలుపు తెలుపులో ప్రింట్ తీసి చూసినా విడివిడిగా కనబడాలనేది పరీక్ష. చిన్న ఫోన్‌లో 224 గడుల పట్టీలు కనబడవు కాబట్టి మొదటి తెరలో పట్టీల సంఖ్య మాత్రమే చూపి, వేలు పెట్టాక రంగులు తెరుచుకునేలా చేశాం.

మ్యాప్ తయారయ్యాక మండ్య జిల్లా దగ్గర కూర్చుని పత్రిక సంపాదకుడికి చదివి వినిపించాను. 2018లో ఏడుకు ఏడూ జేడీఎస్. 2023లో కాంగ్రెస్ 5, సర్వోదయ 1, జేడీఎస్‌కు కేఆర్ పేట ఒక్కటే. పాత పద్ధతిలో వేస్తే ఆకుపచ్చ దాదాపు మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. పట్టీల్లో చూస్తే ఆకుపచ్చ చాలా చోట్ల కింది పట్టీగా, మందంగా నిలిచే ఉంది. ‘జేడీఎస్ కోట నేలమట్టం’ అని ముందే రాసి పెట్టుకున్న శీర్షికను ఆయన అక్కడే మార్చేశారు. మన ఆంధ్రలో 2024లో వైసీపీకి 175లో 11 సీట్లు వచ్చినప్పుడూ ఇదే చూపు కావాలి. ఆ పార్టీకి వచ్చిన ఓట్లు 39 శాతం పైనే. సీట్ల మ్యాప్‌లో ఆ 39 శాతం మనుషులు కనబడరు.

పొత్తుల దగ్గర మాత్రం ఈ పద్ధతికీ పరిమితి ఉంది. 2023 సెప్టెంబరులో జేడీఎస్ ఎన్డీయేలో చేరింది. 2024 లోక్‌సభ ఎన్నికల్లో బీజేపీ 25 చోట్ల, జేడీఎస్ 3 చోట్ల పోటీ చేసి 17, 2 గెలిచాయి. కాంగ్రెస్‌కు 9. కర్ణాటకలో ఒక్కో లోక్‌సభ స్థానం కింద ఎనిమిదేసి అసెంబ్లీ సెగ్మెంట్లు ఉంటాయి కాబట్టి అదే 224 గడుల్లో లోక్‌సభ ఫలితాన్నీ వేయొచ్చు. కానీ మాలూరు కోలార్ లోక్‌సభ కిందికి వస్తుంది, అక్కడ పొత్తు తరఫున నిలబడింది జేడీఎస్. 2023లో డిపాజిట్ కూడా రాని ఆకుపచ్చ 2024లో పెద్ద పట్టీగా కనబడుతుంది. అది జేడీఎస్ బలం కాదు, బ్యాలెట్ మీద కమలం లేకపోవడం. రాష్ట్రం మొత్తం మీద జేడీఎస్‌కు ఆరు శాతం లోపే వచ్చిందనే అంకె కూడా అంతే, మూడు చోట్లే పోటీ చేసిన పార్టీని 28 స్థానాల ఓట్లతో భాగిస్తే వచ్చేది. పత్రికవాళ్ళు పొత్తుకు ఒక కొత్త రంగు ఇచ్చేద్దామన్నారు. మేం ఒప్పుకోలేదు. ఓటరు నొక్కిన గుర్తు రంగే వేశాం. పొత్తు అభ్యర్థి అయితే పట్టీ అంచుకు భాగస్వామి రంగు గీత ఒకటి కలిపాం. మేలుకోటెకు కూడా అదే నియమం.

జనార్దనరెడ్డి 2024 మార్చిలో తన పార్టీని బీజేపీలో కలిపేశారు, గంగావతి రంగు మార్చమని పాఠకులు రాశారు. మార్చలేదు. 2023 మ్యాప్ 2023 మే నాటి ఓటుకు సంబంధించింది. 2024 నవంబరులో చన్నపట్న, శిగ్గావి, సండూరు ఉపఎన్నికలు మూడూ కాంగ్రెస్ గెలిచినప్పుడు వాటికి విడిగా మూడు గడులు, విడిగా తేదీ పెట్టాం. అసలు మ్యాప్ మీద చెయ్యి వేయలేదు.

ఇప్పుడు చేస్తున్నది ఫారం 20 పీడీఎఫ్‌ల నుంచి బూత్ వారీ అంకెలను ఒక్కో నియోజకవర్గానికీ సీఎస్‌వీ (సాదా పట్టిక) ఫైల్‌లోకి ఎక్కించడం. 2026 తర్వాత జరిగే మొదటి జనగణన అయ్యాక పునర్విభజన మీద ఉన్న ఆంక్ష తొలగుతుంది. అప్పుడు సరిహద్దులు మారితే ఈ 224 నంబర్లకు అర్థం ఉండదు. బూత్ వారీ లెక్క చేతిలో ఉంటేనే పాత ఓట్లను కొత్త సరిహద్దుల్లోకి మళ్ళీ కూడుకోగలం. కోలార్, చిక్కబళ్ళాపుర జిల్లాలతో మొదలుపెట్టాం, మాలూరు ఫైల్ అయిపోయింది, బాగేపల్లి సగంలో ఉంది.